నూనె గిన్నెలో గీత

మా మామ దగ్గర ఒక స్క్రూడ్రైవర్ ఉంది. జానెడు కూడా ఉండదు. చెక్క పిడి ఆయన చెమట తాగి తాగి నల్లబడిపోయింది. దాన్ని పాత పంచె ముక్కలో చుట్టి, రేకు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను లారీలో తన సీటు కింద దాచుకుంటాడు. ఇంట్లో బంగారానికి కూడా అంత కాపలా లేదు. ఆ బండి మీద మొదటి తొమ్మిదేళ్లు పనిచేసి కూడా నేను దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకోవాలని మాత్రం చెప్పలేనంత ఆశ ఉండేది.

మామ అంటే సొంత మేనమామే. ఆయన కూతుర్ని చేసుకుని, రాచర్ల దగ్గర వాళ్ల ఊరికి ఇల్లరికం వచ్చాను. అంతకుముందు మార్కాపురం పక్కన పలకల గనుల్లో లారీ నడిపేవాణ్ని. ఇల్లరికం అల్లుడంటే ఊరికి ఎంత లోకువో పడినవాడికే తెలుస్తుంది. టీ బంకు దగ్గర ఎవరైనా "మీ మామ బండి ఎట్లుంది?" అంటే చాలు, నాకు ఒళ్లు మండేది. "నీ బండి" అని ఒక్కడూ అనడు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపమే ఒకరోజు నా చేత చేయకూడని పని చేయించింది.

మాది కంప్రెషర్ బండి. పూడిపోయిన బోర్లలోకి గాలి కొట్టి, లోపలి మట్టిని బయటికి చిమ్మించడం మా పని. లారీ నడిచే ఇంజన్ వేరు, వెనక కంప్రెషర్‌ను తిప్పే ఇంజన్ వేరు. ఆ వెనకది ఎప్పుడో విదేశం నుంచి వచ్చిన టూ-స్ట్రోక్ డీజిల్. మామూలు ఇంజన్ తనకు కావలసిన గాలిని తానే పీల్చుకుంటుంది. దీనికి ఆ శక్తి లేదు. పక్కన బ్లోయర్ ఒకటి తిరుగుతూ గాలిని లోపలికి నెట్టాలి. అందుకే దాని అరుపు మిగతా ఇంజన్ల అరుపులా ఉండదు, చెవులు చిల్లులు పడతాయి. మా ఆవిడ చిన్నప్పుడు ఇంటి ముందు నిలబడి, ఆ అరుపును బట్టి వాళ్ల నాయన ఏ దిక్కున పనిచేస్తున్నాడో చెప్పేదట.

రెండేళ్ల కిందట ఎండాకాలం మొదట్లో ఆ ఇంజన్ నీరసించింది. పొద్దున్నే స్టార్ట్ కాదు. స్టార్ట్ అయినా తెల్లటి పొగ. పిస్టన్లు, అవి ఆడే లైనర్లు అరిగిపోయాయని మామ పొగ చూసే చెప్పాడు. అటక మీద గోనెసంచిలో, నూనె పట్టించి దాచిన సెట్టు ఒకటి ఉంది. అదే చివరిది. ఇంకో సెట్టు కోసం హైదరాబాద్‌లో అడిగాం, మద్రాసులో అడిగాం. "ఆ ఇంజన్ ఇంకా తిరుగుతోందా?" అని వాళ్లే మమ్మల్ని ఎదురు అడిగారు. ఈ సెట్టు పాడైతే బండి పాత ఇనుమే. గిద్దలూరు నుంచి పాత ఇనుము కొనే ఆయన అప్పటికే రెండుసార్లు వచ్చి, బండి చుట్టూ తిరిగి, టైర్లను కాలితో తట్టి చూసి వెళ్లాడు. ఆయన అట్లా తడుతుంటే మామ మొహం చూడలేకపోయాను.

అదే సమయానికి హనుమంతునిపాడు వైపు ఒక ఊరి నుంచి ఫోన్లు. ఊరంతా తాగే బోరు పూడిపోయింది, ఎప్పుడొస్తారని. వారంలో వస్తామని మామ మాటిచ్చేశాడు. మాటిచ్చాక ఆయన అన్నం కూడా నిలబడే తినేవాడు.

ఇంతకుముందు రెండుసార్లు ఆ ఇంజన్‌ను విప్పి కట్టింది మామే. ఈసారి ఆయనకు ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా కావాలి. కుడిచేయి కొద్దిగా వణుకుతోంది. "ఈసారి నువ్వే కట్టు అల్లుడా" అన్నాడు. లోపల ఎగిరి గంతేశాను. పైకి మాత్రం "సరే" అన్నాను.

వేపచెట్టు నీడకు బండిని తెచ్చి, టార్పాలిన్ కట్టి మొదలుపెట్టాం. పాత లైనర్లు లాగడం, గిద్దలూరు లేత్ షాపులో ఇంజన్ పైమూత హెడ్‌ను సాపు చేయించడం, కొత్త లైనర్లు దించడం, రింగులు ఎక్కించడం, అన్నీ నేనే. మామ స్టూలు మీద కూర్చుని చెవులతో చూసేవాడు. బోల్టు బిగిసే చప్పుడు విని "ఇంకో పావు తిప్పు" అనేవాడు. నిజంగానే పావు తిరిగేది. ఆరు రోజులు పట్టింది. ఒక్కరోజు కూడా బాగా చేశావనలేదు. నేనూ ఎదురుచూడనట్టే నటించాను.

చివరికి మిగిలింది ర్యాకుల పని. ఆ ఇంజన్‌కు నాలుగు ఇంజెక్టర్లు. ఒక్కో ఇంజెక్టర్‌కు పళ్లున్న చిన్న కడ్డీ ఉంటుంది, అదే ర్యాకు. అది ఎంత కదిలితే అంత డీజిల్. నాలుగూ ఒకే రకంగా, తేలిగ్గా కదలాలి. ఒక్కటి తెరుచుకుని బిగిసిపోయినా డీజిల్ ఆగదు. ఇంజన్ అదుపు తప్పి వేగం అందుకుంటుంది. మా మామ దాన్ని ఉరకడం అంటాడు. "ఉరికిన ఇంజన్ పగిలేదాకా ఉరుకుతాది. ముక్కలు మనిషిని చూడవు" అని నాకు మొదటి రోజే చెప్పాడు.

ఆ రోజు పొద్దున నేను చేతులు తుడుచుకుని, "మామా, ర్యాకులు కూడా నేనే పెడతా. డబ్బా తీ" అన్నాను.

ఆయన అప్పటికే పంచె ముక్క విప్పుతున్నాడు. "నీకు కండ్లతో చూసే పని చెప్పినా. ఇది వేళ్లతో చూసే పని. పక్కకు జరుగు."

"చెయ్యి వణుకుతాంది కదా."

అనకూడని మాట. కాలు జారితే తీసుకోవచ్చు కానీ నోరు జారితే తీసుకోలేం. ఆయన ఇంజన్ మీదికి వంగాడు. ఎడమచేతి వేలిని ర్యాకు మీద ఆనించి, కుడిచేత్తో స్క్రూను వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ వేలితో కదిపి చూస్తున్నాడు. విచిత్రం ఏమిటంటే, స్క్రూ తగలగానే ఆ చేతి వణుకు ఆగిపోయేది. అది చూశాను. చూసి కూడా ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ఆరు రోజులు గాడిదచాకిరీ చేసిన నన్ను పక్కకు జరగమన్నాడే అన్న మంట ఒక్కటే.

తల ఎత్తకుండానే ఆయన అన్నాడు: "ఫిల్టర్ గిన్నెలో నూనె పొయ్యి. గీత దాటనీయొద్దు."

మా ఇంజన్‌కు గాలి ఫిల్టర్ పాతరకంది. అడుగున నూనె గిన్నె ఉంటుంది. లోపలికొచ్చే గాలి ఆ నూనెను తాకి, దుమ్మును అక్కడే వదిలి వెళుతుంది. గిన్నె లోపల ఒక గీత, అంతవరకే పోయాలి. పలకల గనుల్లో నేను నడిపిన పాత లారీలకూ ఇవే ఉండేవి. అక్కడి దుమ్ము సంగతి చూసినవాళ్లకే తెలుసు. అన్నంలో దుమ్ము, దగ్గులో దుమ్ము. అందుకని డ్రైవర్లం అందరం గీత దాటించి రెండు వేళ్లు ఎక్కువే పోసేవాళ్లం. "గీత కంపెనీకి, దుమ్ము మనకు" అని ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. ఆ లారీలు కాస్త నల్లపొగ వదిలేవి, అంతే.

ఈయన నాకు నూనె పోయడం నేర్పుతాడా అనుకున్నాను. గిన్నె తీసుకుని, గీత మీద రెండు వేళ్ల ఎత్తు పోశాను. తెలిసే పోశాను. ఆయన మాట వినలేదన్న తృప్తి కోసం కూడా పోశాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

కొత్తగా కట్టిన ఇంజన్‌ను మొదటిసారి తిప్పేటప్పుడు మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఉరికే ఇంజన్‌కు గాలి మూసేసే మూత ఒకటి ఉండేదట, నేను రాకముందే తుప్పు పట్టి ఊడిపోయింది. దాని బదులు మార్కాపురం పలక. బడిపిల్లల పలక కాదు, గనిలోంచి తెచ్చిన వేలి మందపు బండ. ఒక వైపు అద్దంలా నున్నగా ఉంటుంది. ఫిల్టర్ పెట్టకుండా బ్లోయర్ గాలిపైపు నోరు తెరిచి ఉంచి, పక్కన ఒకరు ఆ పలక పట్టుకుని నిలబడాలి. ఇంజన్ మాట వినకపోతే పలకను ఆ నోటికి వేసేయాలి. గాలి అందకపోతే ఎంతటి ఇంజనైనా చావాల్సిందే. బడికి పోయే రోజుల నుంచీ ఆ పలక పట్టేది మా ఆవిడే. ఆ రోజూ కొంగు నడుముకు బిగించి వచ్చి నిలబడింది.

మామ డీజిల్ ఆపే స్టాప్ లివర్ పక్కన, నేను స్టార్టర్ దగ్గర. రెండు తిప్పులకే ఇంజన్ అందుకుంది. పొగ లేదు. నాలుగు సిలిండర్లూ ఒకే గొంతుతో పలుకుతున్నాయి. మామ లివర్ లాగగానే చెప్పినట్టు ఆగింది. మళ్లీ స్టార్ట్ చేశాం, మళ్లీ లాగాడు, మళ్లీ ఆగింది. ఆయన మొహంలో వారం రోజుల తర్వాత నవ్వు కనిపించింది. నాకూ నవ్వొచ్చింది, కోపం సగం దిగింది.

"ఇంక ఫిల్టర్ పెట్టు" అన్నాడు. మా ఆవిడ పలకను టైరుకు ఆనించి పెట్టింది. నేను నూనె గిన్నెతో సహా ఫిల్టర్ ఎక్కించి, రబ్బరు గొట్టంతో బ్లోయర్‌కు కలిపి, క్లిప్పు బిగించాను. ఆ క్షణంలో గిన్నె సంగతి నాకు గుర్తే లేదు.

మూడోసారి స్టార్ట్ చేశాం. మెల్లగా వేగం పెంచమన్నాడు. పెంచాను. ఒక నిమిషం బాగానే ఉంది. తర్వాత నేను పెంచకుండానే గొంతు లేచింది. యాక్సిలరేటర్ వెనక్కి తీశాను. అయినా లేస్తూనే ఉంది. మామ స్టాప్ లివర్ లాగాడు. ఇంజన్ ఆగలేదు. ఇంకా పైకి పోయింది. పొగగొట్టంలోంచి నీలంపొగ ఉబికింది. బండి మొత్తం వణుకుతోంది, టూల్ బాక్సులోంచి పానాలు కింద రాలుతున్నాయి.

"ఉరుకుతాంది! ఉరుకుతాంది!" మామ రెండు చేతులతో లివర్ పట్టుకుని వేలాడుతున్నాడు. లాగడానికి ఇంకేమీ లేదు, అది చివరిదాకా వచ్చేసింది. "బుజ్జమ్మా, దూరం పో!" అని కూతురి మీద అరిచాడు.

ఆమె దూరం పోలేదు. పలక తీసుకుని ఇంజన్ దగ్గరికే వచ్చింది. కానీ మూయడానికి నోరేదీ, ఫిల్టర్ అడ్డం ఉంది కదా. "బావా, గొట్టం పీకు!" అన్న ఆమె కేక ఆ రొదలో కూడా వినిపించింది. క్లిప్పు విప్పే సమయం లేదు. పెద్ద రెంచి తీసుకుని రబ్బరు గొట్టం మీద కొట్టాను. చీలింది కానీ ఊడలేదు. కాలు ఇంజన్‌కు తన్నిపెట్టి, రెండు చేతులతో పట్టుకుని వెనక్కి పడిపోయేలా లాగాను. గొట్టం చిరిగి చేతికొచ్చింది. ఆ ఖాళీలోంచి చెయ్యి పెట్టి ఆమె పలకను బ్లోయర్ నోటికి వేసింది. పలకను అది తనంతట తానే గుంజుకుంది. ఇంజన్ ఒకసారి మూలిగింది. పలక ఫట్‌మని నిలువునా చీలింది, ముక్కలు రెండూ అట్లాగే అంటుకుని ఉన్నాయి. ఇంజన్ ఆగిపోయింది.

చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. మామ ఇంకా లివర్ పట్టుకునే ఉన్నాడు. మా ఆవిడ ముంజేతి మీద ఏదో జిడ్డు కారుతోంది. రక్తమేమో అని పరుగెత్తాను. రక్తం కాదు. ఆమె దాన్ని వేలికి రాసుకుని, వాసన చూసి, నా వైపు చూసింది.

"బావా, ఇది డీజిల్ కాదు" అంది, నాకు మాత్రమే వినపడేలా.

అప్పుడు గుర్తొచ్చింది గిన్నె. మామూలు లారీ మెల్లగా పీలిస్తే, ఈ బ్లోయర్ గట్టిగా గుంజుతుంది. ఎక్కువైన నూనె గాలితో పాటు లోపలికి పోయింది. డీజిల్ ఆపేసినా ఇంజన్ ఆ నూనె తాగి ఉరికింది. ర్యాకుల తప్పేమీ లేదు. తప్పు నా రెండు వేళ్లది.

ఈ మాట చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా మామ లివర్ వదిలి, తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

"ర్యాకు బిగిసింది" అన్నాడు. "కంటికి ఆనలేదు, వేలికీ ఆనలేదు. నువ్వు ముందే చెప్పినావు, నేనే ఇనలేదు."

రేకు డబ్బా తీసి, పంచె ముక్కతో సహా స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టాడు. "ఇంక నువ్వే చూసుకో అల్లుడా. నా చేతులతో బిడ్డను సంపుకుంటాంటి."

తొమ్మిదేళ్లు ఎదురుచూసిన వస్తువు నా చేతిలో ఉంది. పిడి ఇంకా ఆయన చేతి వేడితో ఉంది. నేను తీసుకున్నాను. ఏమీ చెప్పలేదు.

మధ్యాహ్నం ఇంజన్ పక్కనున్న చిన్న మూతలు విప్పి, ఫోన్ లైటు వేసి లోపల చూశాను. ఆ మూతల్లోంచి లైనర్ రంధ్రాలు, పిస్టన్లు కనిపిస్తాయి. గీతలు పడలేదు, రింగులు విరగలేదు. బతికింది. అడుగున మాత్రం కొత్త నూనె మడుగు కట్టి ఉంది. గుడ్డతో తుడిచేశాను. ఎవరూ చూడకముందే తుడవాలని తొందరపడ్డాను. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటున్నాను.

"ఇంజన్‌కు ఏం కాలేదు మామా" అని చెప్పాను. "మంచిది" అన్నాడు, లేచి చూడటానికి రాలేదు. కొత్త రబ్బరు గొట్టం కోసం మర్నాడు గిద్దలూరు వెళ్లాను. వచ్చేసరికి ఆయన పాత ఇనుమాయన నంబరు కాగితం మీద రాయించి జేబులో పెట్టుకున్నాడు. "నీకు ఇబ్బందైతే అమ్మేద్దాం, నాకేం లేదు" అన్నాడు. అన్నం ముద్ద కలిపేటప్పుడు తన చేతినే చూసుకుంటున్నాడు. నీళ్ల గ్లాసు ఎత్తాలన్నా రెండు చేతులు పెడుతున్నాడు. ముందు ఇంత వణుకు లేదు. హనుమంతునిపాడు వాళ్ల ఫోన్ మోగితే నాకిచ్చి బయటికి పోయాడు.

మా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, తిరిగి నాలుగు అని బరువు దించుకునేవాణ్ని. ఫిల్టర్ గిన్నెను విప్పి తెచ్చి, నూనెతో అట్లాగే గడప పక్కన పెట్టింది. ఇంట్లోకి పోయినా, బయటికి వచ్చినా దాన్ని దాటాలి. కడగలేదేమని అడిగితే, "పోసినోళ్లే కడుగుతారు" అంది.

మూడో రోజు పొద్దున మామ చొక్కా వేసుకుని, జేబులో కాగితం తీసి, "ఈ నంబరు కొట్టియ్యి" అని ఫోన్ నా చేతికిచ్చాడు. కళ్లలో నీళ్లున్నాయో, ఆపరేషన్ కన్ను కారుతోందో తెలియలేదు. ఫోన్ పక్కన పెట్టి, గడప దగ్గర గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"ఏందిది?"

"వేలు పెట్టి చూడు మామా."

చూపుడువేలు ముంచి గీత కోసం తడిమాడు. ఇంజన్ తాగగా మిగిలింది కూడా గీతకు వేలెడు పైనే ఉంది. ఆయన వేలు గీత దగ్గర ఆగింది. మళ్లీ తడిమింది. మళ్లీ ఆగింది.

"నేనే పోసినా. నువ్వు చెప్పినా ఇనకుండా పోసినా. ర్యాకులు నువ్వు పెట్టినట్లే ఉండాయి, ఒక్కటీ బిగియలేదు. ఆ రోజే తెలుసు నాకు."

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆయన నూనె వేలిని పంచెకు తుడుచుకుని, రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు, ఎవరివో చూసినట్టు.

"మూడు దినాలు" అన్నాడు. "మూడు దినాలు ఈ చేతులు పోయినాయనుకుంటిరా. నా బిడ్డను సంపబోయిన చేతులనుకుంటి. నీకు నోరు లేదా?"

ఏడ్చాను. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, వాకిట్లో, మా ఆవిడ చూస్తుండగా ఏడ్చాను. స్క్రూడ్రైవర్ చుట్టి ఉన్న పంచె ముక్కను ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని విప్పి, స్క్రూడ్రైవర్ తీసుకుని, బండి దగ్గరికి నడిచాడు. మూత విప్పి, నాలుగు ర్యాకులనూ ఒకదాని తర్వాత ఒకటి వేలితో కదిపాడు. నాలుగూ తేలిగ్గా కదిలాయి. కాసేపు వేలు అక్కడే పెట్టి నిలబడ్డాడు. తర్వాత మా ఆవిడను పిలిచి, "ఇంకో పలక చూడమ్మా" అన్నాడు.

రెండు రోజుల తర్వాత హనుమంతునిపాడు వైపు ఊళ్లో ఆ బోరులోంచి మట్టి, ఆ వెనక నీళ్లు ఎగజిమ్మాయి. ఆ రొదలో ఆయన నా చెవి దగ్గరికొచ్చి ఏదో అన్నాడు. ఏమన్నాడో వినపడలేదు, మళ్లీ అడగడానికి ధైర్యం చాలలేదు.

ఇప్పుడు ఆయన రెండో కంటికి కూడా ఆపరేషన్ అయింది, చూపు బాగానే ఉంది. అయినా నేను గిన్నెలో నూనె పోసిన ప్రతిసారీ స్టూలు మీద నుంచి లేచి వస్తాడు. కళ్లతో చూడడు, వేలు ముంచి గీతను తడుముతాడు. నేను చేతులు కట్టుకుని నిలబడతాను. స్క్రూడ్రైవర్ ఇంకా ఆయన సీటు కిందే ఉంది. ఇవ్వమని నేను అడగలేదు.